శాలువా కప్పుకుని అంట్లు తోమడం ఎలా?

మార్చిలో మహిళా దినోత్సవం వస్తోందంటే ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఉన్న ఆఫీసులన్నిటికీ హఠాత్తుగా మేం కనపడతాం. ఏడాది పొడుగునా లేడీస్ టాయిలెట్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కునే తీరిక చిక్కనివాళ్లు ఆ వారం మా కోసం ఏకంగా కమిటీ వేస్తారు. చందాలు పోగవుతాయి. గేటు దగ్గర ఫ్లెక్సీ లేస్తుంది. అందులో పది చేతుల అమ్మవారు. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో లాప్‌టాప్, ఒక చేతిలో పసిబిడ్డ, ఒక చేతిలో చీపురు, ఒక చేతిలో ఫైలు. మిగతా చేతుల్లో ఏం పెట్టాలో తోచక డిజైన్ చేసిన కుర్రాడు తామరపూలు పెట్టేస్తాడు. పక్కన ఒక అయ్యగారు కూడా ఉంటారు. ఆయనకి చేతులు రెండే. ఆ రెండూ అమ్మవారికి దణ్ణం పెట్టే పనిలో ఉన్నాయి కాబట్టి ఖాళీ లేవు.

తర్వాత సభ. సభకి ముందు పోటీలు. ముగ్గులు, కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ, నిప్పు లేకుండా వంట. నిప్పు లేకుండా వంట నేను రోజూ చూసేదే, గ్యాసు అయిపోయిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు గనక. నా కోరికల్లా ఏమిటంటే, ఒక్క ఏడాదైనా ‘నేను లేకుండా వంట’ అని మగవాళ్లకి పోటీ పెట్టాలి.

ముఖ్య అతిథి మగాయనే అయి ఉంటారు. వాళ్లావిడ కూడా రావాల్సిందిట, ఇంట్లో పనుండి ఆగిపోయారట. అయిదింటికి మొదలవ్వాల్సిన సభకి ఆరుంబావుకి వేంచేసి, మైకు పట్టుకుని, స్త్రీకి ఆరు ఉద్యోగాలు అప్పగించిన ఆ పాత సంస్కృత శ్లోకం అందుకుంటారు. అందులో జీతం ప్రస్తావన లేదు. ఆ వెంటనే చెబుతారు, ఇల్లూ ఆఫీసూ రెండూ అవలీలగా నెట్టుకొచ్చే శక్తి ఆడవాళ్లకే ఉందనీ, మా మగవాళ్ల వల్ల కాదండీ అనీ. చప్పట్లు. శాలువా. మొమెంటో. ఇంటికి తీసుకెళ్లాక ఆ మొమెంటో మీద దుమ్ము తుడిచేది కూడా శక్తి స్వరూపిణే.

ఆ ‘మా వల్ల కాదండీ’ దగ్గర కాస్త ఆగాలి. వినడానికి వినయంగా ఉంటుంది. నిజానికి పనిలో చేరకముందే ఇచ్చేసిన రాజీనామా అది. ఇదే పెద్దమనిషికి ఆఫీసులో రెండు సెక్షన్లు అదనంగా అప్పగించి చూడండి. వల్ల కాదంటారా? ఇన్‌ఛార్జి అలవెన్సు అడుగుతారు, బోర్డు మీద పేరు రాయిస్తారు. రెండు చోట్ల పనిచేయడం ఆయనకి అర్హత, మాకు మాత్రం పుట్టుకతో వచ్చిన గుణం.

గోదావరి జిల్లాల మర్యాద గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. తిట్టినా చివర ‘అండీ’ తగిలిస్తాం. పనిచేయించుకోవాలనుకున్నప్పుడు ఇంకాస్త వంగి ‘ఆయ్, తమరు తప్ప ఈ పని ఎవరికీ చేతకాదండీ’ అంటాం. దీన్నే మునగచెట్టు ఎక్కించడం అంటారు. ఉద్యోగం చేసే తల్లిని ఏటా మార్చి ఎనిమిదిన పద్ధతి ప్రకారం ఆ చెట్టు ఎక్కిస్తున్నారు. ఎలాగూ ఎక్కావు కదా, సాంబారులోకి నాలుగు కాడలు కోసుకుని దిగమ్మా అని కింద నుంచి కేక వేస్తున్నారు. నేననేది ఒక్కటే. ఈ పొగడ్త మా మీద గౌరవం పొంగిపొర్లి వచ్చింది కాదు. సెలవివ్వలేనిచోట, క్రెష్ పెట్టలేనిచోట, గిన్నె కడగలేనిచోట దానికి బదులుగా ఇస్తున్నది. అన్నిటికన్నా చవక గనక ఇస్తున్నది.

అసలు మహిళా దినోత్సవం పుట్టిన తీరు వేరు. 1910లో కోపెన్‌హాగెన్‌లో క్లారా జెట్కిన్ మహిళా దినం జరపాలని ప్రతిపాదించినప్పుడు ఆవిడ బుర్రలో ఉన్నది శ్రామిక స్త్రీలూ, ఓటు హక్కూ. 1917 మార్చి 8న పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం మగ్గాలు ఆపేసి వీధికెక్కితే, వారం తిరిగేసరికి జారు చక్రవర్తి సింహాసనం దిగాడు. వాళ్లకెవరైనా ముగ్గుల పోటీ పెట్టి రెండో బహుమతిగా ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా ఇచ్చి ఉంటే చరిత్ర ఇంకోలా ఉండేదేమో.

నా ఇల్లు ఏలూరు, ఆఫీసు తాడేపల్లిగూడెం. మా దారిలో ఇలాంటివాళ్లం చాలామందిమి. పొద్దున మెమూ రైల్లో ఆడవాళ్లు కూర్చున్న వైపు వచ్చి చూస్తే మీకు అవలీల అంటే ఏమిటో తెలుస్తుంది. దెందులూరు దాటాక గానీ ఎవరూ మాట్లాడరు. అప్పటిదాకా ఊపిరి తీసుకోవడమే సరిపోతుంది. ఒకావిడ జడ అప్పుడు అల్లుకుంటుంది. ఒకావిడ డబ్బాలో ఇడ్లీ అప్పుడు తింటుంది. భీమడోలు వచ్చేసరికి ఫోన్లు మొదలు. ‘బాబు సాక్సు మంచం కింద చూడండి’, ‘పాలు పొంగకుండా చూడత్తయ్యా’, ‘నీళ్ల మోటారు కట్టేశారా?’ రైలు పూళ్ల, కైకరం దాటుతుంటే ఇల్లు వెనక్కి వెళ్లిపోతుంది గానీ, ఇంటి పని మాత్రం టికెట్ లేకుండా పక్క సీట్లో కూర్చుని వస్తూనే ఉంటుంది. సాయంత్రం తిరుగు బండిలో ఒళ్లో న్యూస్ పేపరు పరుచుకుని గోరుచిక్కుడు కాయలకి ఈనెలు తీస్తుంటే, ఎదురు సీట్లో కూర్చున్న పెద్దాయన ముచ్చటపడి ‘ఎంత ఓపికమ్మా మీకు’ అంటారు. కాస్త సాయం చేయనా అనరు. ముచ్చటపడ్డారు కదా, చాలు.

ఆ బండిలోనే రోజూ వినబడే ఇంకో మాట, ‘మావారు చాలా మంచోరండీ’. మంచితనానికి సాక్ష్యం? కాఫీ ఆయనే కలుపుకుంటారు. తిన్న కంచం ఆయనే సింకులో వేస్తారు. పిల్లల్ని స్కూటర్ మీద స్కూలు దగ్గర దింపుతారు. వింటున్న మిగతావాళ్ల కళ్లల్లో కాస్త ఈర్ష్య. అదే ఇంట్లో ఆవిడ కాఫీ కలిపితే ఎవరూ వార్త రాయరు. ఆయన కలిపితే పక్కవీధి దాకా తెలుస్తుంది, వాళ్లమ్మగారికి మరీ ముందు తెలుస్తుంది. ‘మా ఇంట్లో నేను హెల్ప్ చేస్తానండీ’ అని చెప్పుకునే మగవాళ్లని చూస్తే నాకు ఒక అనుమానం. ఎవరింట్లో, ఎవరి పిల్లలకి, ఎవరికి హెల్ప్?

ఇక ఆదివారం సంగతి. కొల్లేరు పక్కన పుట్టినందుకు మాకు చేపకి కొదవ లేదు. ఆదివారం తెల్లారగానే సంచి పట్టుకుని మార్కెట్టుకి వెళ్లడం మా ప్రాంతపు మగవాళ్లు తమకు తామే రాసుకున్న ఇంటి పని. బొమ్మిడాయిలు బేరమాడి తెస్తారు. ఆ బేరం గురించి అరగంట చెబుతారు. మార్కెట్లోనే నాలుగు డబ్బులిస్తే శుభ్రం చేసి ముక్కలు కోసి ఇస్తారు గానీ, ‘బయట చేయిస్తే జిగురు పోదే, ఇంట్లో బూడిదేసి తోమితేనే రుచి’ అంటారు. రుచి తెలిసిన మనిషి. సంచి సింకులో బోర్లించి పేపరు పట్టుకుని కూర్చుంటారు. ఇక బూడిద వెతకడం, జారిపోయే చేపని పట్టుకుని చర్మం తెల్లబడేదాకా రుద్దడం, పేగులు తీయడం, ఉప్పేసి కడగడం, పసుపేసి ఇంకోసారి కడగడం, చింతపండు నానేయడం, పులుసు దగ్గరపడేదాకా గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పడం, తర్వాత సింకూ గట్టూ సబ్బుతో కడిగినా పోని నీచువాసనని నిమ్మచెక్కతో రుద్దడం. మధ్యాహ్నం భోజనాల దగ్గర చుట్టాలు వేళ్లు నాకుతూ అడుగుతారు, ‘చేపలెవరు తెచ్చారు? భలే ఏరారే!’

2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు ఉద్యోగులు ఆదివారాలు కూడా పనిచేయాలని, ఇంట్లో కూర్చుని పెళ్లాం మొహం ఎంతసేపని చూస్తారని అన్నట్టు బయటికొచ్చి దేశమంతా గొడవైంది. వారానికి 90 గంటల పని గురించే అందరూ పోట్లాడారు. నాకు ఆశ్చర్యం వేసింది వేరే దగ్గర. ఆదివారం పూట పెళ్లాం మొహం కనిపిస్తుందని ఆయనకెవరు చెప్పారు? మా ఇళ్లల్లో కనపడేది వీపు. సింకు వైపు తిరిగి ఉంటుంది.

ఇవన్నీ ఆడవాళ్ల సణుగుడు కింద కొట్టేస్తారని తెలుసు కాబట్టి, సర్కారు వారి లెక్కే చెబుతాను. కేంద్ర గణాంక శాఖ 2024లో దేశమంతా కొన్ని ఇళ్లని ఎంచుకుని తిరిగి ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో రాసుకుంది. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు. ఆ 88 చూసి మురిసిపోకండి. ఇంటి పని చేశామని చెప్పిన మగవాళ్ల సగటు మాత్రమే అది, వేలు కదపనివాళ్లు లెక్కలోకే రాలేదు. 2019 సర్వేలో ఇంటి పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లు నూటికి 26 మందే. 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లనే తీసుకుంటే 2019లో 315 నిమిషాలున్నది 2024కి 305 అయింది. మిక్సీ, గ్రైండరు, వాషింగ్ మెషీను, కర్రీ పాయింటు, ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు, అయిదేళ్ల సన్మానాలు అన్నీ కలిసి తగ్గించింది పది నిమిషాలు.

మరి ఈ అవలీల ఎలా నడుస్తోంది? మాట దాచకుండా చెప్పాలంటే ఇంకో ఆడమనిషి నడుపుతోంది. మోకాళ్ల నొప్పులతో ఊరి నుంచి వచ్చి మనవణ్ణి చూసుకుంటున్న అమ్మో, అత్తగారో. ఆవిడకి జీతం లేదు, సెలవు లేదు, మార్చి ఎనిమిదిన పిలుపు లేదు. లేదా పొద్దున్నే వచ్చి గిన్నెలు తోమే అమ్మాయి. ఆవిడా ఉద్యోగం చేసే తల్లే. మనం రైలెక్కే హడావుడిలో ఉన్నప్పుడు ఆవిడ ఇంట్లో అన్నం వార్చేది ఎవరు? పెద్ద కూతురు. ఆ పిల్ల బడికి ఆలస్యంగా వెళ్తుంది, పంతులమ్మ చేత తిట్లు తింటుంది. ఆ పంతులమ్మ కూడా ఏలూరు నుంచి మెమూలో పరిగెత్తుకుంటూ వచ్చినావిడే అయి ఉండవచ్చు. బరువు ఒక ఆడదాని నెత్తి మీంచి ఇంకో ఆడదాని నెత్తి మీదికి దిగుతూ, కింద ఎక్కడో ఓ పన్నెండేళ్ల పిల్ల మెడ మీద ఆగుతోంది. ఆ పిల్లకి శాలువా పొడుగైపోతుంది.

చట్టాలు లేవా అంటారు. ఉన్నాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. మేలు చేశారు, ఇది వెటకారం కాదు. అదే సవరణలో 50 మంది, ఆపైన పనిచేసేచోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. అక్కడికి తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి రావచ్చన్నారు. తల్లి మాత్రమే. 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ మాటే ఉంది. అదే బిల్డింగులో మూడో అంతస్తులో తండ్రి కూడా కూర్చుని ఉండవచ్చన్న ఊహ చట్టం రాసినవాళ్లకి రాలేదు. సరే, ఆ క్రెష్ మన ఊళ్లలో ఎన్ని ఆఫీసుల్లో ఉందో మీరే ఓసారి తిరిగి చూడండి. కుర్చీలాటకి హాలు దొరికిన ఆఫీసులో ఉయ్యాలకి మూల దొరకదు.

చైల్డ్ కేర్ లీవు ఇంకా రసవత్తరం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి సర్వీసు మొత్తం మీద 730 రోజులు. మగ ఉద్యోగికీ ఇస్తారు. ఒకటే షరతు, ఆయనకి భార్య ఉండకూడదు. పెళ్లికానివాడో, భార్య పోయినవాడో, విడాకులు తీసుకున్నవాడో అయి ఉండాలి. పెళ్లాం ఉన్న మగవాడికి పిల్లలున్నట్టు కాదని సర్కారు వారి అభిప్రాయం. మా ఇంటి అనుభవం కూడా దాదాపు అదే కాబట్టి గట్టిగా వాదించలేకపోతున్నాను.

పెళ్లాం ఉన్నా పిల్లల్ని పెంచే మగవాళ్లు పిట్టల్లో ఉన్నారు. కొల్లేటి ఒడ్డున, కైకలూరు దగ్గరున్న ఆటపాక పక్షుల కేంద్రానికి ఎప్పుడైనా వెళ్లారా? చలికాలం గూడబాతులు వేలల్లో దిగుతాయి. పడవెక్కి కాస్త దగ్గరికి వెళ్లి, ఫొటోలు ఆపి చూస్తే తెలుస్తుంది. మగది పుల్లలు ఏరుకొస్తుంది, ఆడది గూడు కడుతుంది. గుడ్లు పొదగడం వంతులవారీ. పిల్లలకి చేప మేత పెట్టడం ఇద్దరిదీ. ‘మా ఆవిడకి నేను హెల్ప్ చేస్తానండీ’ అని రెక్కలు టపటపలాడించే మగ గూడబాతు ఒక్కటీ కనపడలేదు నాకు. వాటికి చెట్లు చాలడం లేదని అటవీ శాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు కూడా వేయించారు. పిట్ట పిల్లలకి ఏర్పాటు చేసిన రాష్ట్రంలో మనిషి పిల్లలకి చేయలేరని నేననుకోను. పిట్టలకి శాలువా కప్పడం కుదరదు గనక వేరే దారి లేక స్టాండు వేశారేమో.

కొల్లేటి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 1999లో కొల్లేరుని అభయారణ్యం చేశారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సుకి అది అవసరమా కాదా అన్నది వేరే తగువు. చెరువు పనులు పోయిన లంక ఊళ్ల నుంచి ఆడా మగా పనులు వెతుక్కుంటూ బయటికొచ్చారు. ఇవాళ ఆకివీడు, భీమవరం వైపు రొయ్యల ఫ్యాక్టరీల బస్సులు తెల్లవారకముందే ఊరి చివర ఆగితే ఎక్కేది ఎక్కువగా ఆడవాళ్లే. తలకాయ తుంచడం, పొట్టు ఒలవడం, నరం లాగడం. ఐసునీళ్లల్లో గంటల తరబడి నిలబడి చేసే పని. చాలాచోట్ల కిలోల లెక్కన కూలి. సాయంత్రానికి వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి, అన్నం కలుపుకుంటే కారం మంటపుడుతుంది. ఆ వేళ్లతోనే ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాలి. వర్కింగ్ మదర్ అన్న ఫ్లెక్సీ మీద ఆవిడ బొమ్మ ఎప్పుడైనా చూశారా? ఆవిడ చేతికి లాప్‌టాప్ నప్పదు. ఆవిడ ఒలిచిన రొయ్య మాత్రం అమెరికా వెళ్లి డాలర్లు తెస్తుంది.

అంగన్‌వాడీ టీచర్ల కథ ఇంకా బావుంటుంది. ఊళ్లో పనికెళ్లే తల్లులందరి పిల్లల్నీ చూసేది ఆవిడ. 1975లో పథకం మొదలైన నాటి నుంచి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతా సమ్మెకి దిగారు, 42 రోజులు కూర్చున్నారు. అప్పటి ప్రభుత్వం జనవరిలో ఎస్మా ప్రయోగించింది. అంటే అత్యవసర సేవ, ఆపడానికి వీల్లేదు. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకురాలు, పని ఆపినప్పుడు అత్యవసర సేవకురాలు. ఇంట్లో మా హోదా కూడా అచ్చంగా ఇదే కదా అని ఆ జీవో చదివినప్పుడు అనిపించింది.

ఆ ప్రభుత్వం పోయి ఈ ప్రభుత్వం వచ్చింది. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమంది పిల్లల్ని కనండి అంటున్నారు. ఎంతమంది పిల్లలున్నా ప్రసూతి సెలవు ఇస్తామన్నారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు ఇంకో అడుగు ముందుకేసి, మూడో కాన్పులో ఆడపిల్లయితే 50 వేల రూపాయలు, మగపిల్లాడయితే ఆవు ఇస్తానన్నారు. ఆవు కింద పేడ ఎవరెత్తాలో ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు లెండి. అదే ఏడాది జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం రోజువారీ పనిగంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచడానికి, ఆడవాళ్లు రాత్రి షిఫ్టుల్లో చేయడానికి ఒప్పుకుంది. ఇప్పుడు లెక్క వేయండి. రోజుకి 24 గంటలు. పది ఫ్యాక్టరీకి. సర్కారు సర్వే ప్రకారమే 305 నిమిషాలు ఇంటి పనికి. రానూ పోనూ రెండు గంటలు. మిగిలింది ఆరు గంటల యాభై అయిదు నిమిషాలు. స్నానం, తిండి, నిద్ర, మూడో బిడ్డ, ఆవు అన్నీ అందులోనే సర్దుకోవాలి. రెండు నిర్ణయాలూ తీసుకున్నది ఒకే ప్రభుత్వం. ఫైళ్లు వేర్వేరు అల్మరాల్లో ఉండి ఉంటాయి.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది. నెలకి మిగిలే డబ్బు చిన్నది కాదు, రొయ్యల షెడ్డుకి సొంత ఖర్చుతో వెళ్లేవాళ్లకి మరీను. ఇచ్చినవాళ్లకి దణ్ణం. టికెట్ మిగిలింది, టైము మిగల్లేదు. అది ఇవ్వగలిగింది ఆర్టీసీ కాదు.

టైము అనగానే మా ఫోన్లలోకి సలహాదారులు దిగుతారు. ఒకప్పుడు నూజివీడు ఆడపడుచు మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక దశాబ్దాలపాటు నడిపారు. ఆడవాళ్లు ప్రశ్నలడిగేవారు, ఆవిడ జవాబు చెప్పేవారు. ఇప్పుడు ఎవరూ అడక్కుండానే రీళ్లలో జవాబులు వచ్చిపడుతున్నాయి. పొద్దున్న నాలుగింటికి లేవండి, ఆదివారమే వారానికి సరిపడా కూరగాయలు తరిగి డబ్బాల్లో పెట్టుకోండి, మీ కోసం మీరు పావుగంట కేటాయించుకోండి. చెప్పే కుర్రాడి వెనకాల శుభ్రంగా సర్దిన వంటిల్లు ఉంటుంది. ఎవరు సర్దారో చూపించడు. మాకు ఆఫీసులో ‘టైమ్ మేనేజ్‌మెంట్’ శిక్షణ ఒకసారి శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి పెట్టారు. అది సాగీ సాగీ నా బండి తప్పిపోయింది. పి. సత్యవతి గారు ఎప్పుడో ‘సూపర్‌మామ్ సిండ్రోమ్’ అని కథ రాశారు. ఆవిడ దాన్ని జబ్బుగా చూపించారు. మనవాళ్లు దాన్నే అవార్డు చేసి పంచుతున్నారు.

అన్నిటికన్నా నన్ను మండించేది ఫోను. పిల్లాడికి స్కూల్లో జ్వరమొస్తే, కడుపునొప్పి వస్తే, ఫీజు కట్టకపోతే, బెల్టు మరిచిపోతే, పక్కవాణ్ణి గిల్లితే, స్కూలు నుంచి ఫోను అమ్మకే. నాన్న ఆఫీసు బడి పక్క వీధిలో ఉంటుంది, అమ్మ గూడెంలో ఆడిట్ మధ్యలో ఉంటుంది. అయినా అమ్మకే. ఒకసారి అడిగాను, వాళ్ల నాన్నగారికి చేయకపోయారా అని. ‘సార్ బిజీగా ఉంటారేమోనండీ’ అన్నారు ఎంతో మర్యాదగా. నేను గూడెం నుంచి ఆయనకి ఫోన్ చేసి, ఆయన బయలుదేరాక మళ్లీ స్కూలుకి ఫోన్ చేసి, మాత్ర పేరు చెప్పి, మా పై అధికారి దగ్గరికి వెళ్తే, ఆయన వాచీ చూసుకుని ‘లేడీస్‌తో ఇదేనమ్మా సమస్య’ అన్నారు. ఈయన కూడా మార్చిలో శాలువా కప్పినవారే.

1975 అక్టోబరు 24న ఐస్‌ల్యాండ్ దేశంలో ఆడవాళ్లు ఒక పని చేశారు. ఉపన్యాసాలు వినడం మానేసి ఒక్కరోజు అన్ని పనులూ మానేశారు. ఆఫీసు పని, వంట, పిల్లల పని ఏదీ ముట్టుకోలేదు. నూటికి తొంభై మంది. తండ్రులు పిల్లల్ని ఆఫీసులకి చంకనేసుకుని వెళ్లారు. చప్పున వండుకునే సాసేజీలు దుకాణాల్లో అయిపోయాయి. మరుసటి ఏడాది సమాన హక్కుల చట్టం వచ్చింది, 1980లో దేశాధ్యక్షురాలిగా ఒక ఒంటరి తల్లి విగ్దిస్ గెలిచింది. ఏలూరులో అలాంటి రోజొస్తే ఆర్ఆర్ పేట కర్రీ పాయింట్ల ముందు క్యూ ఏ కాలవ గట్టు దాకా వస్తుందో ఊహించుకోవచ్చు. పైగా ఆ కర్రీ పాయింట్లలో వండేది కూడా ఆడవాళ్లే కాబట్టి ఆ రోజు అవీ మూసే ఉంటాయి.

సమ్మె దాకా ఎందుకులెండి, మన దగ్గర అంతా మర్యాదస్తులం. మార్చి కమిటీ వారికి ఒక విన్నపం. వచ్చే ఏడాది చందాలతో శాలువాలు కొనకండి. ఆఫీసులో ఒక గది ఖాళీ చేయించి రెండు ఉయ్యాలలు వేయించండి, ఒక ఆయాకి సరైన జీతమిచ్చి పెట్టండి, నాలుగుసార్లు వెళ్లొచ్చే హక్కు తండ్రికీ రాయండి. ఇంట్లో ఉన్న మంచోరికి అంతకన్నా తేలిక పని. రేపు పొద్దున పిల్లల స్కూలుకి మీరే వెళ్లండి. రిజిస్టరులోనూ డైరీలోనూ అమ్మ నంబరు కొట్టేయించి, ఆ స్థానంలో మీ నంబరు రాయించండి. ఫోను మోగితే మీరే ఎత్తండి. జ్వరమైతే మీరే సెలవు పెట్టి ఇంటికి తీసుకురండి. మాత్ర పేరు మాకు ఫోన్ చేసి అడక్కండి, అట్ట మీద రాసి ఉంటుంది.